ముందు తాళంచెవి, తర్వాతే రిపేరు: ఒక పాత ఎక్స్‌బాక్స్ కేస్ స్టడీ

2001 నవంబర్‌లో వచ్చిన మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్, మొదటి తరం ఎక్స్‌బాక్స్, ఇప్పుడు రిపేరుకి వస్తే, చాలాసార్లు ఒకే ఫిర్యాదుతో వస్తుంది. ప్లగ్ పెట్టగానే దానంతట అదే ఆన్ అవుతుంది, మనం బటన్ నొక్కితే మాత్రం పలకదు. ఎవరూ ముట్టుకోకుండానే డిస్క్ ట్రే బయటికి వచ్చి లోపలికి పోతుంటుంది. ఈ కేసులోనూ అంతే. పైగా ఆన్ అయిన ప్రతిసారీ హార్డ్‌డిస్క్ టకటక కొట్టుకుంటోందని తెచ్చినావిడ చెప్పారు. చాలా ఏళ్లు మూలన పడేసి, ఈమధ్యే బయటికి తీశారట.

పాత కన్సోల్ ఏది తెచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: "ఇందులో ఉన్నవాటిలో ఇంకెక్కడా దొరకనిది ఏముందండీ?" గేమ్ డిస్కులు లక్షల్లో అచ్చయ్యాయి. కన్సోల్ పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ లోపల మనవాళ్లు దాచుకున్నది మాత్రం ఆ ఒక్క పెట్టెలోనే ఉంటుంది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏం లేదండీ, ఆడుకోవడానికి పనిచేస్తే చాలు" అన్నారు. ఆ తర్వాత ఫోన్ చేశారు. వాళ్ల అన్నయ్య కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టి, పాటలు రికార్డు చేసి, ఒక సీడీ రాయించుకున్నారట. ఆ సీడీ ఎప్పుడో పోయింది. పోకముందు దాన్ని ఈ ఎక్స్‌బాక్స్‌లోకి ఎక్కించినట్టు అన్నయ్యకి గుర్తుంది.

దాంతో కేసు స్వరూపమే మారిపోయింది. ఎక్స్‌బాక్స్‌లో మ్యూజిక్ సీడీ పెడితే పాటలను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకునే సదుపాయం ఉండేది. కొన్ని గేముల్లో వాటినే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌గా పెట్టుకోవచ్చు. కానీ లోపలికి వెళ్లిన పాటని మళ్లీ బయటికి తీసే దారి మెనూలో ఎక్కడా పెట్టలేదు. అంటే ఆ పాటలకి మిగిలిన ఏకైక కాపీ, టకటకలాడుతున్న ఆ డిస్క్ మీదే ఉంది.

డిస్క్‌కి తాళం, చెవి బోర్డు మీద

ఇక్కడ ఆ కన్సోల్ నిర్మాణం గురించి కొంచెం చెప్పాలి. తెలియకపోతే మంచి మనసుతో చేసిన రిపేరు కూడా కొంప ముంచుతుంది.

లోపల ఉండేది మామూలు 3.5 అంగుళాల ఐడీఈ (పాత పీసీల్లో వాడిన కనెక్షన్) హార్డ్‌డిస్క్. 8 జీబీది కావచ్చు, 10 జీబీది కావచ్చు, కన్సోల్ వాడుకునేది మాత్రం 8 జీబీయే. అయితే దానికి ఏటీఏ పాస్‌వర్డ్, అంటే డిస్క్ తనంతట తానే అమలుచేసే తాళం, వేసి ఉంటుంది. తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే డిస్క్ మోడల్ పేరు, సీరియల్ నంబర్ చెబుతుంది గానీ ఒక్క సెక్టార్ (డిస్క్ మీది డేటాలో చిన్న ముక్క) కూడా చదవనివ్వదు, అన్నీ ఎర్రర్లే. ఇది చూసి "డిస్క్ పోయింది" అని నిక్షేపంలాంటి డ్రైవ్‌లను పారేసినవాళ్లు ఎందరో.

ఆ పాస్‌వర్డ్ ఎక్కడా రాసి ఉండదు. ఆన్ అయిన ప్రతిసారీ కన్సోల్ దాన్ని లెక్కగట్టుకుంటుంది. మదర్‌బోర్డు మీద 256 బైట్ల చిన్న ఈఈప్రామ్ చిప్ ఉంటుంది, కరెంటు తీసినా దాని డేటా పోదు. అందులో ఆ కన్సోల్‌కి మాత్రమే చెందిన 16 బైట్ల కీ ఉంటుంది. ఆ కీనీ, డిస్క్ మోడల్ పేరునీ, సీరియల్ నంబర్నీ కలిపి హెచ్‌మాక్-షా1 అనే క్రిప్టోగ్రఫీ పద్ధతిలో లెక్కిస్తే వచ్చే 20 బైట్లే పాస్‌వర్డ్. ఈ బోర్డులోని కీ లేకుండా ఆ డిస్క్ తెరుచుకోదు. ఇంకో ఎక్స్‌బాక్స్‌లో పెడితే ఎర్రర్ 06 చూపిస్తుంది: డిస్క్ తాళం తీయలేకపోయాను అని దానర్థం.

కాబట్టి "బోర్డు పాడైంది, వేరే బోర్డు వేసి ఇచ్చేద్దాం" అన్న షార్ట్‌కట్ ఇక్కడ పనికిరాదు. బోర్డు మార్చేస్తే కన్సోల్ బతుకుతుంది, పాటలు చస్తాయి. పైగా ఆ చిప్‌లో సీరియల్ నంబరు, నెట్‌వర్క్ అడ్రస్, రీజియన్, ఆన్‌లైన్ కీ కూడా ఉంటాయి. మొదటి ఎక్స్‌బాక్స్ ఆన్‌లైన్ సేవని 2010 ఏప్రిల్ 15న అధికారికంగా ఆపేశారు. ఇప్పుడు ఇన్సిగ్నియా లాంటి ఔత్సాహికుల సర్వర్‌తో మళ్లీ ఆన్‌లైన్‌లో ఆడాలన్నా కన్సోల్‌ని గుర్తుపట్టేది ఈ చిప్‌లోని వివరాలతోనే.

అందుకే వరస ఇలా పెట్టుకున్నాను: ముందు బోర్డు ఇంకా చెడిపోకుండా ఆపాలి, తర్వాత చిప్ చదవాలి, తర్వాత డిస్క్ కాపీ చేయాలి. కన్సోల్‌ని ఆన్ చేయడం వీటన్నిటి తర్వాతే. "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్న సరదా చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌తో పెట్టుకోకూడదు.

తెరిచి చూస్తే

పెట్టెకి కింద ఆరు టీ20 టోర్క్స్ స్క్రూలు. కొన్ని రబ్బరు కాళ్ల కింద, కొన్ని స్టిక్కర్ల కింద దాక్కుని ఉంటాయి. లోపల డిస్క్, డీవీడీ డ్రైవ్ ట్రేలకి టీ10. గ్రాఫిక్స్ చిప్ మీద ఫ్యాన్ లేదు, హీట్‌సింక్ మాత్రమే ఉంది. పవర్ కనెక్టర్ పాత రకం. అంటే ఇది 1.1 వెర్షన్ బోర్డు. వెర్షన్ ముందుగా తేల్చుకోవడం ఎందుకంటే, చేయబోయే పని దాన్నిబట్టే మారుతుంది.

ఫిర్యాదుకి మూలం క్లాక్ కెపాసిటర్. ప్లగ్ తీసేసినా కొన్ని గంటలపాటు టైం గుర్తుండటానికి బోర్డు మీద 1 ఫ్యారడ్, 2.5 వోల్టుల సూపర్ కెపాసిటర్ ఒకటి పెట్టారు. 1.0 నుంచి 1.5 దాకా వాడిన రకం వయసు మీదపడేకొద్దీ కారుతుంది. కారిన ద్రవం చుట్టుపక్కల రాగి దారులను, అంటే ట్రేస్‌లను, నెమ్మదిగా తినేస్తుంది. కన్సోల్ వాడకపోయినా, ప్లగ్ పెట్టకపోయినా ఈ పని ఆగదు. భద్రంగా దాచిపెట్టాం కదా అనుకున్నవే ఎక్కువ పాడై వస్తాయి.

ఈ బోర్డులో కెపాసిటర్ కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు గడ్డకట్టి ఉంది. దాని పక్కన పచ్చటి పూత ఉబ్బి, గోటితో తాకితే పొరలా లేచింది. కింద మెరవాల్సిన రాగి నల్లగా మాడినట్టుంది. ఒకచోట అసలు రాగే లేదు, దారి ఉన్నట్టు గీత మాత్రం మిగిలింది.

కెపాసిటర్ తీసేశాను. 1.0 నుంచి 1.5 వరకు అది లేకపోయినా ఆటకి ఏ ఇబ్బందీ లేదు, ప్లగ్ తీసిన ప్రతిసారీ టైం మళ్లీ పెట్టుకోమని అడుగుతుంది, అంతే. 1.6 బోర్డులో మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. అందులో వేరే రకం వాడారు, అది ఇలా కారేది కాదు, పైగా అది లేకపోతే కన్సోలే మొరాయిస్తుంది. కొత్తది వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు. కానీ టైం గుర్తుంచుకోవడం కోసం ఇంకో ఇరవై ఏళ్లకు ఇంకో కారే వస్తువుని బోర్డు మీద పెట్టడం నాకిష్టం లేదు. ఖాళీగా వదిలేసి, ఆ సంగతి కాగితం మీద రాసిస్తాను.

ఆ చోటంతా మెత్తటి బ్రష్షుతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గడ్డ పూర్తిగా వదిలేదాకా శుభ్రం చేశాను. సీపీయూ పక్కనున్న పెద్ద కెపాసిటర్లు కూడా ఒకసారి చూడాలి. పైకప్పు ఉబ్బి ఉంటే వాటినీ మార్చాల్సిందే. ఇందులో అవి బల్లపరుపుగా, బాగానే ఉన్నాయి.

పవర్ సప్లై గురించి ఒక మాట. 2005 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ 1 కోటి 41 లక్షల ఎక్స్‌బాక్స్ పవర్ కేబుళ్లను మార్చి ఇస్తామని ప్రకటించింది. నిప్పు ప్రమాదం దృష్ట్యా, కరెంటు ఎక్కువైతే తెగిపోయే రక్షణ ఉన్న కేబుల్ ఇచ్చారు. ఆ కాలపు కన్సోల్ చేతికొస్తే కరెంటు వైరు గుచ్చే సాకెట్ దగ్గర టంకం బీటలు వారిందేమో చూడకుండా ప్లగ్ పెట్టవద్దు. ఇక్కడ ఒక కాలి దగ్గర సన్నటి వలయంలా బీట కనిపించింది, మళ్లీ టంకం వేశాను. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా షాక్ కొడుతుంది, డిశ్చార్జ్ అయిందని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

256 బైట్లు

ఈఈప్రామ్ చదవడానికి చిప్ ఊడదీయక్కర్లేదు. బోర్డు మీద ఎల్‌పీసీ పోర్ట్ అనే ఖాళీ రంధ్రాల వరస ఉంటుంది. అక్కడ ఎస్‌ఎంబస్ లైన్లు, అంటే చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు, దొరుకుతాయి. డేటాకొకటి, క్లాక్‌కొకటి, గ్రౌండ్‌కొకటి, మొత్తం మూడు వైర్లు. ఈ లైన్లు 3.3 వోల్టులవి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పిన్నులూ అంతే, కాబట్టి నేరుగా కలపవచ్చు. 5 వోల్టుల ఆర్డ్యూయినో బోర్డు అయితే మధ్యలో వోల్టేజీ తగ్గించే లెవెల్ కన్వర్టర్ ఉండాలి.

చదివిన ఫైలుని నమ్మే ముందు రెండు పరీక్షలు పెడతాను. మళ్లీ చదివి రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా అని చూడటం మొదటిది. రెండోది అసలైనది. ఆ 256 బైట్లలో మొదటి భాగం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది. దాని ముందు 20 బైట్ల హ్యాష్, అంటే డేటా మారిందేమో సరిచూసుకునే సంఖ్య, ఉంటుంది. బోర్డు వెర్షన్‌కి తగ్గ కీతో విప్పి, హ్యాష్ సరిపోతేనే లోపలి కీ సరైనదని లెక్క. సరిపోయింది. సీరియల్ నంబరు కూడా పెట్టె అడుగున స్టిక్కర్ మీదున్నదే. అంటే ఈ కన్సోల్ బోర్డుని ఎవరూ మార్చలేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాటికి ఈ పోలిక తప్పకుండా చేయాలి. రెండూ తేడాగా ఉంటే డిస్క్ ఈ బోర్డుది కాకపోవచ్చు.

ఆ చిన్న ఫైలు చేతికొచ్చాక సగం టెన్షన్ పోయింది. ఇక బోర్డు మొత్తం కాలిపోయినా డిస్క్ తెరవచ్చు.

డిస్క్ నుంచి తీయడం

ఐడీఈ పోర్ట్ ఉన్న పాత పీసీ ఒకటి ఇలాంటి పనులకోసమే ఉంచుకున్నాను. చాలా యూఎస్‌బీ అడాప్టర్లు ఏటీఏ సెక్యూరిటీ కమాండ్లను దాటనివ్వవు. పీసీ బయోస్ (ఆన్ అవగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) కూడా బూట్ అయ్యేటప్పుడే డిస్క్ సెక్యూరిటీని ఫ్రీజ్ చేసేసే అవకాశం ఉంది. అలా అయితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తీసుకోదు. ఆ సెట్టింగ్ చూసుకుని, లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే టూల్‌తో డిస్క్ మోడల్, సీరియల్ చదివి, పాస్‌వర్డ్ లెక్కగట్టి ఇచ్చాను. తాళం తెరుచుకుంది. ఇది కరెంటు తీసేదాకే. తీస్తే మళ్లీ పడుతుంది.

కన్సోల్ నడుస్తుంటే ఇంకో దారి ఉంది. కన్సోల్ డిస్క్ తాళం తీసిన తర్వాత, కరెంటు ఉండగానే డేటా కేబుల్ పీకి పీసీకి గుచ్చడం. ఒకప్పుడు అందరూ ఇదే చేసేవాళ్లు. చెయ్యి కాస్త వణికితే పోర్టో డిస్కో పోతుంది. కీ చదివే వీలున్నప్పుడు ఆ సాహసం దేనికి?

ఇప్పుడు కాపీ. అరిగిపోయిన డిస్క్‌ని మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా వరసగా చదవడం తెలివితక్కువ పని. ఎక్స్‌బాక్స్ డిస్క్ మీద పార్టిషన్ టేబుల్ లాంటిది ఉండదు. ఏ భాగం ఎక్కడ మొదలవ్వాలో కన్సోల్ సాఫ్ట్‌వేర్‌లోనే స్థిరంగా రాసి ఉంటుంది. డిస్క్ మొదట్లో ఎక్స్, వై, జెడ్ అనే మూడు భాగాలు, ఒక్కోటి 750 ఎంబీ. గేములు ఆడేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే కాష్ అది. అందులో ఏం పోయినా నష్టం లేదు. తర్వాత 500 ఎంబీల సీ, అందులో డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్. చివర్లో, సుమారు 2.88 జీబీ దగ్గర, ‘ఈ’ (ఇంగ్లిషు E) అనే భాగం మొదలవుతుంది. సేవ్‌లు (గేములో ఎక్కడిదాకా వచ్చామో దాచే ఫైళ్లు), పాటలు అన్నీ అక్కడే.

ఎక్కువ రాతకోతలు జరిగేది కాష్‌లో. ఈ డిస్క్ టకటకలాడిందీ సరిగ్గా అక్కడే. వరసగా చదివి ఉంటే పనికిరాని భాగంతో కుస్తీ పడుతూ ఉన్న కాస్త ఆయుష్షూ అక్కడే అయిపోయేది. అందుకే పాడైన డిస్కుల నుంచి కాపీ తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూకి మొదలుపెట్టే చోటు ఇచ్చి, ముందు ‘ఈ’ భాగం, తర్వాత సీ, చివర్న కాష్ తీశాను. మొదటి విడతలో మొరాయించిన చోట్లని వదిలేసి ముందుకి పొమ్మని చెప్పాలి. తేలిగ్గా వచ్చేదంతా వచ్చాక, మిగిలినవాటి కోసం మళ్లీ తిరగాలి. ఎక్కడెక్కడ చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఉంటుంది కాబట్టి మధ్యలో ఆపి డిస్క్‌ని చల్లబరచుకోవచ్చు, చేసిన పని పోదు. సీ మొత్తం వచ్చింది. ‘ఈ’ భాగంలో అక్కడక్కడా కొద్దిపాటి సెక్టార్లు ఎంత బతిమాలినా రాలేదు. కాష్‌లో చాలా పోయింది, పోనీ.

రాని సెక్టార్లు ఏ ఫైలువో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ అని ఉంది. ఇమేజ్ (డిస్క్ మొత్తానికి అచ్చు నకలైన ఫైలు) కాపీలో, చదవలేకపోయిన చోట్ల మనకి నచ్చిన గుర్తు పదం నింపమని చెప్పొచ్చు. తర్వాత ఫైళ్లన్నీ బయటికి తీసి, ఆ పదం ఎందులో ఉందో వెతికితే దెబ్బతిన్నవి బయటపడతాయి. ఇది చేయకుండా "దాదాపు అన్నీ వచ్చాయి" అని ఇచ్చేస్తే, ఏది బాగుందో ఏది బాగాలేదో వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు.

‘ఈ’ భాగంలో ఉండేది ఫాట్ఎక్స్ అనే ఫైల్ సిస్టమ్. విండోస్‌గానీ లినక్స్‌గానీ దీన్ని నేరుగా గుర్తించవు, విడిగా టూల్ కావాలి. యూడేటా ఫోల్డర్‌లో గేమ్ సేవ్‌లు, ఒక్కో గేముకి ఎనిమిదంకెల ఫోల్డర్. ఆ అంకెల్లో మొదటి నాలుగూ ప్రచురణకర్త పేరులోని రెండు అక్షరాలకు కోడ్. 4541తో మొదలైతే 45 అంటే ఇంగ్లిషు ‘ఈ’, 41 అంటే ‘ఏ’, అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ గేము. ఇలా చూసుకుంటూ పోతే ఆ ఇంట్లో ఎవరేం ఆడేవారో తెలిసిపోతుంది. తేదీలను మాత్రం నమ్మొద్దు. క్లాక్ కెపాసిటర్ బలహీనపడ్డాక కన్సోల్‌కి టైం గుర్తుండదు, ఎవరూ మళ్లీ సరిగ్గా పెట్టుకోరు. కాబట్టి ఫైళ్ల మీది తేదీలు అడ్డదిడ్డంగా ఉంటాయి.

పాటలు టీడేటాలో దొరికాయి. డబ్ల్యూఎంఏ ఫైళ్లు, పేర్లన్నీ వట్టి అంకెలే. ఏ అంకె ఏ పాటో, ఏ సీడీదో రాసి ఉండేది పక్కనున్న ఎస్‌టీ.డీబీ అనే ఒక్క ఫైలులోనే. అది పోతే పాటలు ఉంటాయి గానీ పేర్లు పోతాయి. ఈ కేసులో ఆ ఫైలు చెక్కుచెదరలేదు. బ్యాండ్ పాటలన్నీ వచ్చాయి. గుర్తు పదం తగిలింది ఒక్క పాటలోనే, దాని మధ్యలో రెప్పపాటు శబ్దం తెగుతుంది. అన్నయ్యగారు ఫోన్‌లోనే విని, "అక్కడ తెగింది డిస్క్ వల్ల కాదండీ, మా డ్రమ్మర్ వల్ల" అన్నారు. ఆయన మాటని కేస్ షీట్‌లో ఎక్కించలేదు.

ట్రేస్ రిపేరు

డేటా చేతికొచ్చాక బోర్డు పని నిశ్చింతగా చేయొచ్చు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, ముందు ప్యానెల్ కనెక్టర్ పిన్నుల నుంచి ఒక్కో దారి వెంటా వెళ్లాను. పవర్ బటన్ లైను బీప్ అనలేదు, పూర్తిగా తెగింది. ఎజెక్ట్ లైను బీప్ అంది గానీ బోర్డుని కాస్త వంచితే ఆగిపోయింది. రెండోది మరీ ప్రమాదం. ఇవాళ పనిచేసి, రేపు చేయదు.

బటన్ నొక్కితే లైను గ్రౌండ్‌కి తగులుతుంది, దాంతో కంట్రోలర్ చిప్‌కి నొక్కినట్టు తెలుస్తుంది. లైను తెగినా, కారిన జిగురు ద్వారా పక్క లైనుకి కరెంటు పాకినా, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు అనిపిస్తుంది. దానంతట అదే ఆన్ అవడానికి కారణం ఇదే. ఇందులో దెయ్యమూ లేదు, సాఫ్ట్‌వేరూ లేదు.

పాడైన చోటికి రెండువైపులా పచ్చటి పూతని బ్లేడు మొనతో గీకి, ఎర్రటి రాగి కనిపించేదాకా వెళ్లాను. నల్లగా ఉన్న రాగి మీద టంకం నిలవదు, ఎంత ఫ్లక్స్ వేసినా బొట్టులా జారిపోతుంది. రాగి మెరిశాక కొంచెం ఫ్లక్స్, ఐరన్ మొన ఒక్క క్షణం. టంకం పల్చగా, వెండి పూతలా పరుచుకుంది. దాని మీద 30 గేజ్ సన్నటి వైరు పడుకోబెట్టి, రెండు కొసలా అంటించాను. ఎజెక్ట్ లైనుకి కూడా, బీప్ అన్నా సరే, కొత్త వైరు వేశాను. చివర్న యూవీ వెలుతురుకి గట్టిపడే పూత, యూవీ మాస్క్, పూసి గట్టిపరిస్తే తేమ తగలదు, వైరు కదలదు.

తర్వాత ప్లగ్ పెట్టాను. దానంతట అది ఆన్ అవలేదు. బటన్ నొక్కితే అయింది. డిస్క్ ఇంకా పెట్టలేదు కాబట్టి ఎర్రర్ చూపించి ఆగింది. ఈ దశలో చూడాల్సింది అంతే.

కొత్త డ్రైవ్

పాత డిస్క్‌ని మళ్లీ పెట్టే ప్రసక్తే లేదు. చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ, దానికి ఐడీఈ అడాప్టరు. ఇక్కడ జనం దెబ్బతినేది ఒకచోట: అన్ని ఎస్‌ఎస్‌డీలూ, అన్ని అడాప్టర్లూ ఏటీఏ తాళాన్ని ఒప్పుకోవు. మార్పులేవీ చేయని కన్సోల్‌కి తాళం వేసిన డిస్కే కావాలి. తాళం లేకపోతే ఎర్రర్ 05, తాళం తప్పయితే 06, డిస్క్ సమాధానం ఇవ్వకపోతే 07. బయోస్ మార్చేస్తే ఈ గొడవ ఉండదు. కానీ వాళ్లు అడగనిదే కన్సోల్ అసలు స్వభావాన్ని మార్చడం నా పద్ధతి కాదు.

ఇమేజ్‌ని ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్ మీదికి రాసి, కాష్ భాగాలను ఖాళీగా ఫార్మాట్ చేశాను. కొత్త డ్రైవ్ మోడల్, సీరియల్ వేరు కాబట్టి పాస్‌వర్డ్ కూడా వేరు. అదే కీతో మళ్లీ లెక్కగట్టి తాళం వేశాను. అసలు పాస్‌వర్డ్ పోతే వాడుకునే మాస్టర్ పాస్‌వర్డ్ కూడా పెట్టి కాగితం మీద రాసిచ్చాను. 40 తీగల పాత కేబుల్ స్థానంలో 80 తీగలది వేశాను. డాష్‌బోర్డ్ వచ్చింది, టైం పెట్టుకోమంది, పాటల జాబితా చూపించింది.

సేవ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఎక్స్‌ఈఎంయూ అనే ఎమ్యులేటర్ (పీసీలో ఎక్స్‌బాక్స్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) కూడా వాడాను. దానికి కన్సోల్ బూట్ రోమ్, బయోస్, హార్డ్‌డిస్క్ ఇమేజ్ ఇవ్వాలి. మొదట వేరే ఈఈప్రామ్ ఫైలుతో నడిపాను. చాలా సేవ్‌లు తెరుచుకున్నాయి, ఒక రేసింగ్ గేము మాత్రం సేవ్ పాడైందని చెప్పింది. ఈ కన్సోల్ నుంచి తీసిన 256 బైట్ల ఫైలు ఇవ్వగానే అదే సేవ్ చక్కగా తెరుచుకుంది. కారణం ఏమిటంటే, సేవ్‌లకి కన్సోల్ డిజిటల్ సంతకం పెడుతుంది. ఆ సంతకంలో కన్సోల్ కీని కూడా కలపాలా వద్దా అన్నది గేము తయారీదారుల ఇష్టం. కలిపితే ఆ సేవ్ వేరే కన్సోల్‌లో చెల్లదు. ఇలాంటి సేవ్‌ని మెమరీ కార్డులో దాచుకున్నా లాభం లేదు. ఎక్స్‌బాక్స్ 360లోనూ, ఆ తర్వాతి వాటిలోనూ పాత గేములు కొన్ని ఆడతాయి, ఆ జాబితాకి చివరి చేర్పు 2021 నవంబర్‌లో జరిగింది. కానీ పాత సేవ్‌లు అక్కడికి వెళ్లవు.

డీవీడీ డ్రైవ్

మిగిలింది ఇదే, పూర్తిగా తెగనిదీ ఇదే. ఇలాంటి డ్రైవ్‌లలో ట్రే బయటికి రాకపోతే మామూలుగా బెల్టు సాగడమే కారణం. వేడినీళ్లలో వేస్తే బెల్టు కొన్నాళ్లు బిగుస్తుందని అంటారు, నిజమే, కొన్నాళ్లే. కొత్త బెల్టు వేశాను. లెన్స్ తుడిచి, స్లెడ్ పట్టాల మీద ఎండిన గ్రీజు తీసి కొత్తది పూశాను. వాళ్ల గేముల్లో ఒక్కటి తప్ప అన్నీ చదివింది. ఆ ఒక్క డిస్క్ మీద గీతలేమీ లేవు. లేజర్ నీరసపడుతోంది.

లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి కరెంటు పెంచితే ఆ డిస్క్ కూడా చదివేదేమో. నేను తిప్పను. అలా చేస్తే ఇప్పటికి పనవుతుంది, లేజర్ మిగిలిన ఆయుష్షు కాస్తా హరించుకుపోతుంది. ఈ కన్సోల్‌కి ఉన్న ఒక అదృష్టం ఏమిటంటే, డీవీడీ డ్రైవ్ బోర్డుతో జత కట్టి ఉండదు. వేరే ఎక్స్‌బాక్స్ నుంచి మంచి డ్రైవ్ తీసి పెడితే సరిపోతుంది. ఎక్స్‌బాక్స్ 360లో అలా కుదరదు, డ్రైవ్‌కి కూడా బోర్డుతో జతపడిన కీ ఉంటుంది. ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవ్ బోర్డుదీ అదే కథ. వాటిలో ఏదైనా భాగం మార్చే ముందు ఏది దేనితో జత అని చూసుకోకపోతే మొదటికే మోసం.

అప్పగించేటప్పుడు కన్సోల్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో ఈఈప్రామ్ ఫైలు, డిస్క్ ఇమేజ్, మ్యాప్ ఫైలు, పేర్లతో సహా పాటలు, ఏ పాటలో ఎక్కడ దెబ్బ ఉందో ఒక టెక్స్ట్ ఫైలు. పెన్‌డ్రైవ్‌ని కూడా నమ్మొద్దని, ఇంకో చోట కాపీ పెట్టుకోమని చెప్పాను. పాత హార్డ్‌డిస్క్‌ని యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, దాని పాస్‌వర్డ్ కవర్ మీద అంటించి వెనక్కి ఇచ్చేశాను. రాని సెక్టార్ల కోసం ఎప్పుడైనా ల్యాబ్‌కి పంపాలనుకుంటే అది కావాలి. డీవీడీ డ్రైవ్‌కి డోనర్ దొరికితే చెబుతానన్నాను. బోర్డు కాలిపోయి డ్రైవ్ మాత్రం బాగున్న కన్సోల్ కోసం చూస్తున్నాను. బాగా నడుస్తున్న దాన్ని దీనికోసం విప్పడం నాకు ఇష్టం లేదు, ఆవిడకీ అక్కర్లేదన్నారు.